ఆడబిడ్డకు ఫుల్ పేజీ

పత్రికల్లో పేజీలు పెట్టే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి కర్మన్‌ఘాట్ వస్తుంటారు. "అంకుల్, మీ సర్వీసులో మరచిపోలేని పేజీ ఏది?" అని అడుగుతారు. యుద్ధం గురించో, ఏ పెద్ద నాయకుడి మరణం గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పే పేజీలో ఒక అమెరికా పెద్దావిడ చేతులు జోడించి నవ్వుతూ ఉంటుంది. దాన్ని తయారుచేసింది దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. ఇంటర్ లెక్కల పరీక్ష తప్పాక, ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఆ లెక్కలే పత్రికల్లో అన్నం పెట్టాయి. ఏ వార్త ఎన్ని కాలమ్‌లు, ఏ ప్రకటన ఎన్ని సెంటీమీటర్లు, ఫొటో పోగా మిగిలేది ఎంత అన్నది తేల్చి పేజీకి నమూనా గీసిచ్చే మనిషిని. కంప్యూటర్లు వచ్చాక కూడా చేతిలో స్కేలు లేకపోతే నాకు తోచేది కాదు. కళ్లు మొరాయించి ఈమధ్యే మానేశాను.

నా చివరి ఉద్యోగం ఒక తెలుగు వారపత్రికలో. చదివేవాళ్లు అమెరికాలో, పేజీలు పెట్టేవాళ్లం ఇక్కడ. దాని యజమాని, సంపాదకుడు, విలేఖరి అన్నీ ఒకరే. ఒకప్పుడు ఇక్కడి పత్రికల్లో పనిచేసి, అక్కడ తూర్పు తీరంలో ఒక చిన్న పట్టణంలో స్థిరపడ్డ పాత జర్నలిస్టు. మేమంతా సార్ అనేవాళ్లం. ఆయన నన్ను మాస్టారూ అనేవారు, నేను ఎవరికీ ఏమీ నేర్పకపోయినా.

దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో మేం ముగ్గురం. నేను కాక, ప్రూఫులు దిద్దే మేడం ఒకరు. భర్త ఉద్యోగరీత్యా కృష్ణా జిల్లా నుంచి కొత్తపేటకు వచ్చిన మనిషి. కామా తప్పిపోతే ఆవిడకు ఆ పూట టీ సయించదు. మూడోవాడు డిజైనర్. అల్మాస్‌గూడ కుర్రాడు అనేవాళ్లం కానీ అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి. మా దగ్గరకు రాకముందు ఎల్బీనగర్‌లో ఒక ఫ్లెక్సీల దుకాణంలో చేశాడు. కార్పొరేటర్ల పుట్టినరోజులు, వినాయక చవితి స్వాగతాలు, బాలాపూర్ లడ్డూ వేలంలో పాడుకున్నవాళ్లకు అభినందనలు అన్నీ అతని చేతి మీదుగా వెళ్లినవే. ఎవరి ముఖమైనా సరే, అతని చేతిలో పడితే పది మందిని వెంటేసుకుని వస్తున్నట్టు కనిపించేది.

సార్‌కు ఒక పిచ్చి ఉండేది. పత్రికల నుంచి రాజకీయాల్లోకి వెళ్లిన అమెరికా వాళ్ల గురించి వారం వారం రాసేవారు. తన అన్నగారి ప్రెస్సులో అక్షరాలు కూర్చుతూ మొదలుపెట్టి, ఆ దేశం పునాది కాగితాల మీద సంతకం చేసేదాకా ఎదిగిన పెద్దమనిషి గురించి రాశారు. జర్మన్ మాట్లాడే ఓటర్ల కోసం ఒక జర్మన్ పత్రికను చప్పుడు చేయకుండా కొని, తర్వాత అధ్యక్షుడైన లాయరు గురించి రాశారు. ఆయనకు అన్నింటికన్నా ఇష్టమైన కథ వందేళ్ల కిందటి ఒక ఎన్నిక. ఒకే రాష్ట్రానికి చెందిన ఇద్దరు పత్రికాధిపతులు అధ్యక్ష పదవికి ఒకరి మీద ఒకరు నిలబడ్డారు. ఎవరు గెలిచినా పత్రికవాడే. ఆ కథను రెండుసార్లు రాశారు. రెండోసారి నేను గుర్తుచేస్తే, "వెయ్యండి మాస్టారూ, మర్చిపోయినవాళ్లు ఉంటారు" అన్నారు.

న్యూయార్క్ సంపాదకుడొకాయన అధ్యక్ష పదవికి నిలబడి, చిత్తుగా ఓడి, నెల తిరక్కముందే చనిపోయిన కథ వచ్చిన వారం మాత్రం డిజైనర్ మొహం మాడ్చుకున్నాడు.

"గిసొంటియి ఎందుకన్నా ఏసుడు? మనోళ్లు జర మంచిగ గెలిచినోళ్ల కథలు రాసుకోవద్దా?"

అతని బాధకు కారణం ఉంది. అంతకు ముందే సార్ ఫోన్ చేసి, తమ ఊరి కౌన్సిల్‌కు తానే పోటీ చేస్తున్నట్టు చెప్పారు. అది చిన్న పదవే. రోడ్లు, చెత్త, పార్కులు, లైబ్రరీ. కానీ ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి, కౌన్సిల్‌లో మాత్రం ఎప్పుడూ ఒక్క తెలుగు మనిషి కూర్చోలేదు. సార్ ఎన్నాళ్లుగానో కోరుకున్నది అదే. ఇన్నేళ్లు ఇతరుల గురించి రాసి, తన వంతు కోసం ఎదురుచూశారు. ఎదురుగా నిలబడింది ఒక రిటైరైన బడి పంతులమ్మ. ఆ ఊళ్లో సగం మందికి చదువు చెప్పిన మనిషి.

పోటీ ప్రకటించిన వారమే సార్ మొదటి పేజీలో ఒక మాట ఇచ్చారు. "నా పత్రికలో నాకు ఎంత చోటు దొరుకుతుందో, నా ప్రత్యర్థికీ అంతే దొరుకుతుంది."

"ఎందుకు సార్ గంత మాట ఇచ్చిన్రు? మీ పత్రిక, మీ ఇష్టం" అన్నాను ఫోన్‌లో.

"ఆ ఇద్దరు పత్రికలవాళ్ల ఎన్నిక గుర్తుందా మాస్టారూ? వాళ్లకి చెరో పత్రిక ఉంది. ఎవరి సంగతి వాళ్లు రాసుకున్నారు. మా ఊళ్లో తెలుగు పత్రిక ఒకటే. అది నాది. ఆవిడ ఎక్కడ రాసుకుంటుంది? రేపు గెలిచాక, సొంత పేపర్లో సొంత డప్పు కొట్టుకుని గెలిచాడు అంటే నేను తలెత్తుకోగలనా? కొలిచే బాధ్యత మీదే."

అలా నాకు కొత్త పని వచ్చింది. సార్ పేరున్న వార్తలన్నీ ఒకవైపు, పంతులమ్మ వార్తలన్నీ ఇంకోవైపు కొలవడం. సార్ పార్కులో మాట్లాడితే ఆవిడ లైబ్రరీలో మాట్లాడిన వార్త వెతకాలి. ఒక వారం సార్ వార్తలు బాగా ఎక్కువయ్యాయి, ఆవిడ గురించి ఏమీ దొరకలేదు. ఫోన్ చేస్తే సార్ కాసేపు ఆలోచించి, ఆవిడ కుక్కకు ఏదో పోటీలో రిబ్బన్ వచ్చిందని చెప్పారు. కుక్క ఫొటోతో సహా వేశాం. కొలత సరిపోయింది. మేడం ప్రూఫు చూస్తూ, "కుక్క పేరు ముందు శ్రీ పెట్టాలా అండీ, కుమారి పెట్టాలా?" అని అడిగారు. ఆవిడ జోకు వేశారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

అంతా సవ్యంగా సాగుతుండగా దసరా సంచిక వచ్చింది.

ఆ సంచికలో చివరి పేజీకి రావలసిన నగల దుకాణం ప్రకటన ఆఖరి క్షణంలో రద్దయింది. పేజీ మొత్తం ఖాళీ. సార్ ప్రచారంలో ఉండి ఫోన్ ఎత్తలేదు. "నాకిడిసిపెట్టు అన్నా" అన్నాడు డిజైనర్. టీ తాగి వచ్చేసరికి పేజీ సిద్ధం. మధ్యలో నిలువెత్తు సార్, చేతులు జోడించి. వెనక రెండు దేశాల జెండాలు కలిసి ఎగురుతున్నాయి. పైన అమెరికా వాళ్ల జాతీయ పక్షి గద్ద రెక్కలు చాపింది. కింద తెలుగు సంఘం పెద్దల ముఖాలు గుండ్రటి చట్రాల్లో వరసగా. శిఖరాన బంగారు రంగులో, నీడలు తేలే అక్షరాలతో ఒకే వరస: మన ఊరి పెద్దన్న. దసరా శుభాకాంక్షలు అన్న మాట కింద ఎక్కడో, వెతికితే దొరికేంత చిన్నగా ఉంది.

మేం చూసి మురిసిపోయాం. అది నిజం. మన కళ్లకు అది శుభాకాంక్షల పేజీ. దసరాకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ స్తంభానికి చూసినా అలాంటివే కదా. అందులో తప్పేముందో మాకెవరికీ తట్టలేదు. పేజీ వెళ్లిపోయింది.

అచ్చయి ఆ ఊళ్లో పంచిన మర్నాడు పొద్దున్నే సార్ ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టాను. కింద కోచింగ్ సెంటర్ మైకులో ఎవరో పంచవర్ష ప్రణాళికల గురించి అరుస్తున్నారు.

"మాస్టారూ, చివరి పేజీలో నేను ఎంత ఉన్నాను?"

"పేజీ మొత్తం ఉన్నరు సార్."

"ఆవిడ ఎంత ఉంది?"

నేను చేతిలోని స్కేలు తీసి సొరుగులో పెట్టాను.

"ఆవిడ తరఫు వాళ్లు ఆ పేజీ పట్టుకుని ఊరంతా తిరుగుతున్నారండీ. సమాన చోటు అన్నాడు, తనకు ఫుల్ పేజీ వేసుకున్నాడు, పైన గద్ద కూడా పెట్టుకున్నాడు అని. ఒకాయన సూటిగా అడిగాడు, మీ మాటకి విలువ ఇంతేనా అని. ఏం చెప్పను?"

డిజైనర్ ముందుకు వంగాడు. "సార్, నాదే తప్పు సార్. పండగ గదా అని చేసిన. గా ఎన్నికల ముచ్చట నాకు యాదికే రాలే."

"తప్పు ఎవరిదైనా పేపరు మీద పేరు నాది. క్షమాపణ వేస్తే సరిపోదు. వచ్చే వారం ఆవిడకు కూడా ఫుల్ పేజీ. అదే చివరి పేజీ. అదే రంగులు. అవే అక్షరాలు, అదే సైజు. వెంట్రుకవాసి తగ్గకూడదు."

"సార్, ఆమె మీ మీద నిలబడ్డది" అన్నాడు డిజైనర్, ఆయనకు ఆ సంగతి తెలియదేమో అన్నట్టు.

"అందుకే" అని సార్ ఫోన్ పెట్టేశారు.

ఆ రోజు ఆఫీసులో జరిగినంత వాదన నేను ఏ పత్రికలోనూ చూడలేదు. ముందు డిజైనర్ అలిగాడు. మన సార్‌ను ఓడగొట్టే ఫ్లెక్సీ మనమే కొట్టాల్నా అని గొణిగాడు. ఏదో ఒక ఫొటో పెట్టి పడేస్తానన్నాడు. కానీ పని మొదలుపెట్టాక అతని చేతులు అతని మాట వినలేదు. చెడ్డ ఫ్లెక్సీ చేయడం అతనికి రాదు. పంతులమ్మ ప్రచార ఫొటోల్లో ఒకదాంట్లో ఆవిడ చప్పట్లు కొడుతోంది. రెండు అరచేతులు కలిసిన క్షణం. దాన్ని పట్టుకుని, కొంచెం సవరించి, చక్కటి నమస్కారం చేయించాడు. తెల్ల జుట్టు వెనక ఉదయించే సూర్యుడిని పెట్టాడు. గద్ద యథాస్థానంలో ఉంది. కింద గుండ్రటి చట్రాల్లో ఆవిడ పాత విద్యార్థులు వరస కట్టారు. ఆ వరసలో రిబ్బన్ గెలిచిన కుక్కకు కూడా ఒక చట్రం దక్కింది.

పైన ఏం రాయాలన్న దగ్గర ఆగిపోయాం.

"గౌరవనీయ అభ్యర్థిని అని రాద్దామండీ, హుందాగా ఉంటుంది" అన్నారు మేడం.

"అక్కా, గట్ల రాస్తే కరెంటాఫీసు నోటీసు లెక్కుంటది. సార్‌కు పెద్దన్న అని పెట్టినం. ఈమెకు గూడ ఏదన్న వరస ఉండాలె. లేకుంటే సమానం ఎట్లయితది?"

"మరి అక్క అని పెట్టు."

"సార్ కన్నా పెద్దామె. అక్క అంటే సార్‌కు అక్కనా, మనకు అక్కనా? పెద్దమ్మ అంటే నారాజ్ అయితదేమో."

"మన ఊరి ఆడపడుచు" అన్నారు మేడం. ఆ వెంటనే తనే తల అడ్డంగా ఊపారు. "అయినా వద్దులెండి. మా ఆడపడుచుతో నేను పడ్డ బాధలు తెలిసినవాళ్లెవరూ ఆవిడకు ఓటెయ్యరు."

"అయితే గదే పెట్టుదాం అక్కా!" అన్నాడు డిజైనర్ హుషారుగా. "సార్ గెలుస్తడు!"

నేను స్కేలు తీశాను. పెద్దన్నలో మూడక్షరాలు. అదే సైజులో, అదే వరసలో ఆడపడుచు పట్టదు. చివరి అక్షరం అంచు దాటుతోంది. పట్టించాలంటే అక్షరాల సైజు తగ్గించాలి. తగ్గిస్తే సార్ మాట తప్పినట్టే. "ఒక్కక్షరం తగ్గాలె" అన్నాను.

"మా దిక్కు ఆడబిడ్డ అంటం" అన్నాడు డిజైనర్.

అది కొట్టి చూశాడు. అంచు నుంచి అంచుకు కచ్చితంగా కూర్చుంది. మన ఊరి ఆడబిడ్డ. మేడం అక్షరదోషాలు లేవన్నారు. నేను కొలత సరిపోయిందన్నాను. ఆ మాటకు కొలతలో పట్టని అర్థం ఒకటి ఉందని ఆ పూట మా ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు.

పేజీ అచ్చయింది. సార్ మాట నిలబడింది. వేలెత్తి చూపినవాళ్లు చల్లబడ్డారని సార్ చెప్పారు. పంతులమ్మ స్వయంగా సార్‌కు ఫోన్ చేసి నవ్విందట, తన కుక్కకు కూడా అనుచరులున్నారని తెలియలేదని. మేం ఊపిరి పీల్చుకున్నాం. నేను ఓట్ల అంచనా కూడా వేశాను. తెలుగు ఓట్లన్నీ సార్‌వైపు, మిగిలినవాటిలో పెద్ద భాగం ఆవిడవైపు పెట్టి కూడితే సార్ స్వల్ప తేడాతో గెలుస్తున్నారు. డిజైనర్ విజయోత్సవ పేజీకి రంగులు ఎంచుకోవడం మొదలుపెట్టాడు.

తర్వాత తెలుగు సంఘం దీపావళి వేడుక వచ్చింది. అభ్యర్థులిద్దరినీ పిలిచారు. పంతులమ్మ మా పేజీని మడిచి చేతిసంచిలో పెట్టుకుని వెళ్లింది. పక్కన కూర్చున్న తెలుగు స్త్రీలను, నా నెత్తి మీద రాసిన ఈ బంగారు మాటకు అర్థమేమిటని అడిగింది. వాళ్లు చెప్పారు. ఈ ఇంట పుట్టిన పిల్ల అని. ఎక్కడున్నా పుట్టింటి మీద హక్కు పోదని. గడపలోకి వస్తే వట్టి చేతులతో పంపరని.

ఆవిడ వేదిక ఎక్కి రోడ్ల గురించి, పార్కుల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదట. "నేను ఆదబిద్దను. పుట్టింటికి వచ్చాను. మీరేం పెట్టి పంపుతారో మీ ఇష్టం" అని, ఆ ఒక్క మాట నోరు తిరగని తెలుగులోనూ మిగతాది ఇంగ్లీషులోనూ చెప్పి కూర్చుందట. హాలంతా లేచి చప్పట్లు.

ఈ వార్త రాసి పంపింది సారే. ముందు వరసలో కూర్చుని, ఫొటో తీసి, తన ఉపన్యాసం ఎన్ని వాక్యాలో ఆవిడదీ అన్ని వాక్యాలు రాశారు. చివర్లో నాకు విడిగా ఒక మాట పెట్టారు. "మాస్టారూ, ఆ మాట ఎవరు ఎంచారు?"

కొలత ఎంచింది సార్ అని జవాబు పెట్టాను.

ఫలితం వచ్చిన పొద్దున ముగ్గురం ముందే వచ్చి ఫోన్ చుట్టూ కూర్చున్నాం. సార్ ఓడిపోయారు. తేడా నా అంచనాలో చూపినంత స్వల్పమే, దిక్కు మాత్రం మారింది. తెలుగు ఓట్లన్నీ ఒకవైపు కూడటమే నా తప్పు. ఇంటి పిల్ల వచ్చి అడిగితే ఏం చేస్తారన్నదానికి నా లెక్కలో గడి లేదు.

"సార్, నన్ను తీసేస్తరా?" అని అడిగాడు డిజైనర్.

అవతలి నుంచి వచ్చింది నవ్వో దగ్గో మొదట అర్థం కాలేదు. నవ్వే.

"నన్ను నిలబెట్టి గెలిపించలేకపోయావు కానీ, నాకు ఎదురు నిలబడ్డవాళ్లని గెలిపించావు. నిన్ను పోనిస్తే రేపు ఎవరి పేపర్లో చేరతావో ఏమో. ఉండు."

ఆ వారం తన ధారావాహికకు చివరి భాగం రాస్తానన్నారు సార్. అర పేజీ ఉంచాను. వచ్చింది మూడు వాక్యాలు. "పత్రికవాళ్లు కొందరు గెలిచారు, కొందరు ఓడారు. నేను రెండో రకం. నా పత్రికలో చోటు ఇద్దరికీ సమానంగా ఇచ్చాను, ఓట్లు మాత్రం సమానంగా పడలేదు." మేడం ఎంత వెతికినా దిద్దడానికి అందులో ఏమీ దొరకలేదు.

రెండు రోజులకు సార్ మళ్లీ ఫోన్ చేశారు. గొంతులో ఉత్సాహం తిరిగి వచ్చింది.

"ఆవిడ ప్రమాణ స్వీకారానికి రమ్మని పిలిచింది. ప్రత్యర్థిగా కాదట. మీ పేజీలు రెండూ పక్కపక్కన పెట్టి ఆవిడకు ఎవరో వివరించారట, ఈ ఊరికి ఆయన పెద్దన్న, మీరు ఆడబిడ్డ, అంటే మీకు ఆయన అన్నగారు అని. వయసులో నాకన్నా పదేళ్లు పెద్దది. నన్ను బ్రదర్ అంటోంది."

"అయితే మీరు చీర పెట్టాలె సార్" అన్నాడు డిజైనర్ వెంటనే. "అన్న వట్టి చేతులతోని పోతడా?"

"అదే నేనూ అనుకున్నా. అక్కడే కొని పంపండి. మంచిది."

"పోచంపల్లి అయితే నప్పుతుందండీ" అన్నారు మేడం. "తెల్ల జుట్టుకు నీలం."

"నీలం ఎందుకక్కా, ఎర్రంచు పసుపు. ఫొటోల మస్తు కొడ్తది."

"ఫ్లెక్సీ అనుకున్నావా తమ్ముడూ, చీర అది. నీలమే."

"బ్లౌజు కుట్టియ్యాలె గదా, కొలతలు అడగండ్రి సార్" అని నేనూ దూరాను.

"పసుపు!"

"నీలం అంటే నీలం!"

ఫోన్‌లోంచి సార్ గొంతు గట్టిగా వినిపించింది.

"ఏవండీ, నా ప్రచారానికి ఒక్క పూటైనా ఇంత పట్టుదలగా కొట్టుకున్నారా మీరు?"